వెనక గదికి వేసిన తీగ

అతని అసలు పేరు ఇంట్లోవాళ్లకైనా కాస్త ఆలోచిస్తే గానీ తట్టదు. అందరూ ‘లోడెంత’ అనే పిలుస్తారు. ఎలక్ట్రీషియన్ పని మొదలుపెట్టిన నాటి నుంచీ, ఎవరు ఏ పని మీద పిలిచినా సంచీ కింద పెట్టకముందే అతని నోట వచ్చే మొదటి మాట అది. ఆ గదిలో ఏమేం నడుపుతారు, వాటిలో ఎన్ని ఒకేసారి నడుపుతారు, మెయిన్ బోర్డుకి ఎంత దూరం... ఇవి తేలందే కత్తెర చేతిలోకి తీసుకోడు. టీ పెట్టమంటారా అని అడిగినా, ముందు స్టవ్ మీద ఇంకేమున్నాయో కనుక్కునే రకమని వాళ్లావిడ వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్విస్తుంది.

జనం లోడు దగ్గర నిజం చెప్పరని అతని అనుభవం. ఒక్క బల్బేనండీ అని ఒట్టు పెట్టుకుంటారు. నెల తిరక్కుండా ఆ బల్బు పక్కన ఇస్త్రీపెట్టె చేరుతుంది, దాని వెనకాలే మోటరు. చెప్పేది గోరంత, తగిలించేది కొండంత. అందుకే అతను వాళ్ల మాట విని, వాళ్ల మొహం చూసి, ఒక నంబరు లావు తీగే వేస్తాడు. బల్బులకి ఒకటో నంబరు తీగ, ప్లగ్గులకి రెండున్నర, గీజరులాంటి బరువు పనులకి నాలుగు. లావు తీగ వేస్తే డబ్బు దండగ, సన్నం తీగ వేస్తే ఇల్లు దండగ అంటాడు.

"తీగకి నోరుండదు. మోయగలిగినంత మోస్తుంది. మోయలేనప్పుడు చెప్పదు, కాలిపోతుంది," అని కూడా అంటాడు.

అందుకని పనయ్యాక కాసేపు లైను నడిపించి, తీగ మీద చేతి వెనక భాగం ఆనించి చూస్తాడు. అరచెయ్యి ఎప్పుడూ పెట్టడు. షాకు కొడితే వేళ్లు ముడుచుకుపోయి ఆ తీగనే గట్టిగా పట్టేసుకుంటాయి. చల్లగా ఉంటే సంచీ సర్దుకుంటాడు. వెచ్చగా తగిలిందంటే ఎక్కడో ఎవరో అబద్ధం చెప్పారన్నమాట.

అలాంటి మనిషి తన సొంత అక్క ఇంట్లో తీగ వెయ్యలేదు. వేసి ఉంటే ఎలా ఉండేదో అన్న ఆలోచన వచ్చినప్పుడల్లా ఇంకో పనిలో తల దూర్చేవాడు.

వెనక గదికి లైను లాగింది బావ. అది సామాన్లు పడేసుకునే గది, కిటికీ కూడా లేదు. ఒక్క బల్బేగా అని, మిగిలిపోయిన సన్నం తీగతో తనే కానిచ్చేశాడు. ఆ తర్వాత పిట్టకి జబ్బు చేసింది. పిట్ట అంటే అక్క కూతురు. తిండి పిట్టతిండి, మాటలు గంపెడు. రోడ్డు చప్పుడు పడకుండా ఉంటుందని మంచం వెనక గదిలో వేశారు. ఆ జబ్బుకి ఎప్పుడూ చలే. ఎండాకాలంలో కూడా దుప్పటి మీద దుప్పటి. హీటరు కొని ఆ బల్బు లైనుకే తగిలించారు. ఫ్యూజు పోయేది. బావ మళ్లీ వేసేవాడు. మళ్లీ పోయేది. విసిగి, ఫ్యూజులో తీగని రెండు పేటలు చేశాడు, ఆ తర్వాత మూడు పేటలు. ఫ్యూజు పోతోందంటే తీగ మొర పెట్టుకుంటోందని అర్థం. పాపం, బావకి ఆ సంగతి తెలీదు.

ఒక సాయంత్రం గోడలోపలే తీగ కాలిపోయింది. హీటరు ఆగింది, బల్బూ ఆరింది. బావ ఎవరినైనా పట్టుకొద్దామని వీధిలోకి పరిగెత్తాడు. లోడెంత అప్పుడు వేరే ఊళ్లో పని మీద ఉన్నాడు. ఎవరో వచ్చి బయటి నుంచి తాత్కాలికంగా లైను కలిపేసరికి, ఆ చీకట్లో తల్లి చెయ్యి పట్టుకునే పిట్ట వెళ్లిపోయింది.

చలికి కాదమ్మా, హీటరు ఉన్నా లేకపోయినా ఆ రోజు గడిచేది కాదు అని డాక్టరు విడమరిచి చెప్పాడు. అందరూ నమ్మారు. అక్క కూడా తల ఊపింది. తల ఊపింది గానీ ఆ గదిలోంచి బయటికి రావడం మానేసింది. వండేది, బావకి పెట్టేది, వెళ్లి ఆ మంచం పక్కన నేల మీద కూర్చునేది. ఏడాది తిరిగేసరికి మనిషి సగమైంది. అమ్మ పోయాక, మీసం రాని తమ్ముణ్ణి కడుపులో పెట్టుకుని పెంచిన మనిషి ఆవిడ. మా ఇంటికొచ్చి కొన్నాళ్లుండు అక్కా అని అతను అడగని వారం లేదు. ఆవిడ కదల్లేదు.

ఆ అక్క తనంతట తను ఫోన్ చేసింది.

"ఒరే, వెనక గదికి కొత్త తీగ వెయ్యాలి. వస్తావా?"

"ఎందుకక్కా, ఆ గదిలో ఎవరున్నారని?" అనేసి నాలిక కరుచుకున్నాడు.

అక్క నొచ్చుకోలేదు. "సరైన తీగ వెయ్యి, అంతే. ఆ తర్వాత మీ ఇంటికి వస్తాను. నువ్వెన్నాళ్లుండమంటే అన్నాళ్లు ఉంటాను. మాటిస్తున్నా."

అక్కని ఆ గదిలోంచి బయటికి లాగడానికి బంగారు తీగ కావాలన్నా ఆ క్షణంలో తెచ్చేసేవాడు. ఉన్న పనులన్నీ వాయిదా వేసి, తీగ చుట్టలు స్కూటరుకి కట్టుకుని మర్నాడు మధ్యాహ్నం బయల్దేరాడు.

ముసురు పట్టిన రోజది. వాన పెద్దగా లేదు, అలాగని ఆగడమూ లేదు. గుమ్మంలో బావ చెప్పులేసుకుంటూ కనిపించాడు. ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీలు ఎవరికీ ఇష్టముండవు, బావ మాత్రం అడిగి మరీ వేయించుకుని, పొద్దుండగానే ఇల్లు వదిలేస్తున్నాడు.

"వచ్చావా," అన్నాడు బావ. మొహం తిప్పుకుని గొడుగు వెతికాడు. అది చేతిలోనే ఉంది. "నేను ఆ గదిలోకి వెళ్లలేనురా. కాళ్లు రావు. మీ అక్కేమో..."

"నేను చూసుకుంటాలే బావా."

"మంచి తీగ వెయ్యి," అంటూ వానలోకి దిగిపోయాడు. గొడుగు తెరవడం కూడా మర్చిపోయాడు.

వెనక గది తలుపు తియ్యగానే లోడెంతకి ముందు వాసన తగిలింది. కాలిన ప్లాస్టిక్, దగ్గుమందు, ఉతికిన దుప్పటి. ఏడాదైనా మూడూ విడివిడిగా తెలుస్తున్నాయి. అక్క మంచం మీద పక్క నీటుగా పరిచి ఉంచింది. తలగడ పక్కన గోడకి మసిపట్టిన పాత ప్లగ్గు. ఆ కిందే హీటరు, దుమ్ము లేకుండా తుడిచి ఉంది. మిగతా ఇంట్లో ఉక్కగా ఉంది. ఇక్కడ మాత్రం చెమట పట్టిన వీపు మీద చన్నీళ్లు చిలకరించినట్టయింది. కిటికీ లేని గది, పైగా ముసురు, చల్లగా కాక ఎలా ఉంటుంది అనుకున్నాడు.

అలవాటు చొప్పున నోరు దానంతటదే అనేసింది. "లోడెంత అక్కా?"

అక్క మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. ఆలోచించి చెప్పింది. "పిట్టకి చలి ఆగేంత."

 అతను స్టూలు ఎక్కి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

మెయిన్ ఆపి పాత తీగ లాగాడు. ముక్కలు ముక్కలుగా వచ్చింది. పైన తొడుగు కరిగి, లోపలి రాగి నల్లబడి, కొన్ని చోట్ల వేళ్ల మధ్యే పొడిపొడి అయింది. ఆ ముక్కలు అక్క కంట పడకుండా గోనెసంచీలో కుక్కేశాడు. తర్వాత రెండున్నర తీగ పైపులోంచి లాగి, కొత్త ప్లగ్గు బిగించాడు. ఆ హీటరుకి అది హాయిగా సరిపోతుంది. పని చేస్తూ చేస్తూ అక్కతో కబుర్లు పెట్టాడు. వాళ్లావిడ మీద ఫిర్యాదులు చెప్పాడు, పిల్లల అల్లరి చెప్పాడు. ఒక చోట అక్క చిన్నగా నవ్వింది. ఆ నవ్వు చూసి అతనికి ప్రాణం లేచొచ్చింది. ఇంకో గంటలో అక్క స్కూటరు వెనక కూర్చుంటుంది, ఈ గది తలుపు మూతపడుతుంది.

మెయిన్ వేశాడు. హీటరు ఇంకా తగిలించలేదు. ప్లగ్గు ఖాళీగానే ఉంది. సామాన్లు సర్దుకుంటూ, గోడ మొదట్లో తీగ బయటికి కనిపించే చోట ఊరికే చేతి వెనక భాగం ఆనించాడు.

వెచ్చగా ఉంది.

పొరపాటనుకుని ఇంకో చోట ఆనించాడు. అక్కడా వెచ్చగానే ఉంది. సంచీలోంచి మీటరు తీశాడు. తీగని పీత పట్టుకున్నట్టు పట్టుకుని, లోపల ఎంత కరెంటు పోతోందో చెప్పే మీటరది. చూశాడు. ఒక హీటరు నిండుగా నడుస్తుంటే ఎంత పోవాలో అంత పోతోంది. ఖాళీ ప్లగ్గులోకి...

చెమ్మ పట్టిన గోడ, కరెంటు ఎక్కడో గోడలోకి కారిపోతోందేమో. అలాంటివి అతను చాలా చూశాడు. మెయిన్ ఆపి, పైపులోంచి తీగ మళ్లీ బయటికి లాగేశాడు. ఈసారి గోడ తగలకుండా, మేకులకి చిన్న చెక్క ముక్కలు కట్టి, వాటి మీదుగా గాలిలోనే లాగాడు. నాలుగు నంబరు తీగ తీశాడు. ఎందుకైనా మంచిదని.

బయట పొద్దు వాలుతోంది. వాన చప్పుడు రేకుల మీద సన్నగా, తెరిపి లేకుండా...

మెయిన్ వేశాడు. మీటరు పెట్టాడు. అంతకు ముందు ఒక హీటరంత. ఇప్పుడు రెండు హీటర్లంత.

తీగ లావైతే ఎక్కువ మోయగలదు. అంత మాత్రాన ఎక్కువ మొయ్యదు. అవతల ఎంత అడిగితే అంతే పోతుంది. ఇన్నేళ్ల పనిలో అతను నమ్మిన మొట్టమొదటి సంగతి అది. మరి అవతల ఎవరు అడుగుతున్నారు? ఇంకో సంగతి కూడా చూశాడు. ఒక తీగలో వెళ్లిన కరెంటు రెండో తీగలో తిరిగి రావాలి. వస్తేనే అది నడిచినట్టు. మీటరు రెండో తీగకి మార్చాడు. సున్నా. ఎర్త్ తీగకి మార్చాడు. సున్నా. వెళ్లేది వెళ్తోంది... ఏదీ తిరిగి రావడం లేదు.

"అక్కా, నువ్వు కాస్త బయటికి రా," అన్నాడు. గొంతు మామూలుగా ఉండాలని చాలా జాగ్రత్త పడ్డాడు.

"ఎందుకురా? ఇప్పుడిప్పుడే కుదురుకుంటోంది."

"ఏంటి కుదురుకునేది?"

 అక్క తలగడ వైపు చూస్తోంది. అతనూ చూశాడు. కొత్త ప్లగ్గు తెల్లటి పలక మీద ఆవిరి పట్టి ఉంది, అద్దానికి దగ్గరగా నోరు పెట్టి ఊదినట్టు. చూస్తుండగానే అది మాయమైంది. కాసేపటికి మళ్లీ పట్టింది. మళ్లీ మాయం. మళ్లీ... నిద్రలో ఊపిరి ఎంత నెమ్మదిగా వస్తుందో అంత నెమ్మదిగా.

ఇల్లంతా దీపాలు కొంచెం కొంచెంగా ఎర్రబడుతున్నాయి. వీధిలోంచి వచ్చే తీగ, మెయిన్ బోర్డు, అన్నిటినీ ఈ గది లాగేస్తోంది. గుమ్మం దగ్గరున్న తీగ చుట్టల వైపు అక్క తల తిప్పింది.

"ఇంకా లావుది ఉంది కదూ?" అంది గుసగుసగా.

ఉంది. వేరే పనికని తెచ్చిన ఆరు నంబరు చుట్ట. "అది వేస్తే వీధి తీగే కాలిపోతుందక్కా. ఇల్లు అంటుకుంటుంది."

"అంటుకుంటే వెచ్చగా ఉంటుంది కదరా."

ఆ మాట అక్క కోపంతో అనలేదు, పిచ్చితోనూ అనలేదు. పిల్లకి అన్నం చల్లారిపోయింది, వేడి చేసి పెడదాం అన్నంత మామూలుగా అంది.  అతను తీగ చుట్టలకి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"నేను లైను కోసేస్తున్నా," అన్నాడు.

"మళ్లీనా?" అక్క మొదటిసారి అతని కళ్లలోకి చూసింది. "ఆ రోజు ఆగింది. అప్పుడు ఎవరి చేతిలోనూ లేదు. ఇవాళ నీ చేతిలో ఉంది. నువ్వు కూడా ఆపేస్తావా?"

 ఉన్నది అక్క ఒక్కతే, ఆవిడైనా మిగలాలి. పరిగెత్తినట్టు వెళ్లి మెయిన్ కిందికి దించేశాడు.

ఇల్లంతా ఒక్కసారిగా చీకటి. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. టార్చి వేసుకుని తిరిగొస్తుంటే, వెనక గది గుమ్మం దగ్గర చలి గోడలా నిలబడి ఉంది. చెయ్యి చాస్తే తగిలేంత చలి. నోట్లోంచి ఆవిరి వస్తోంది. టార్చి వెలుగు మంచం మీద పడింది. దుప్పటి చదునుగానే ఉంది. తలగడ మాత్రం...

మధ్యలో పల్లం పడి ఉంది. చిన్న తల పట్టేంత.

"మావయ్యా."

గట్టిగా అనలేదు. పిలిచే ఓపిక కూడా లేని గొంతు.

"చలేస్తోంది మావయ్యా..."

పారిపోవాలని అతనికి అనిపించలేదు. అది తర్వాత ఎన్నిసార్లు తల్చుకున్నా అతనికే ఆశ్చర్యం. భయం వేసింది, నిజమే. కానీ ఆ భయం కిందే ఏడుపు ఉంది. ఆ గొంతుని ఏడాదిగా వినలేదు. పుల్ల ఐస్ కావాలని, స్కూటరు మీద ముందు నిలబెట్టుకోమని మొండికేసిన గొంతు అది. ఆ రోజు ఊళ్లో ఉండి ఉంటే... ఒక్క చుట్ట తీగ. ఒక్క పూట పని.

"వస్తున్నా తల్లీ," అన్నాడు. ఎక్కడికి వస్తున్నాడో, ఏం చేస్తాడో తెలీదు. మెయిన్ వైపు తిరిగాడు. ఆరు నంబరు చుట్ట చంకన పెట్టుకున్నాడు కూడా.

"అక్కర్లేదురా," అంది అక్క. "తీగలతో అయ్యే పని కాదిది. నాకు ముందే తట్టాల్సింది."

నేల మీంచి లేచి మంచం మీద కూర్చుంది. దుప్పటి అంచు ఎత్తి, లోపలికి చెయ్యి పెట్టింది.

"అమ్మ చెయ్యి పట్టుకో. ఆ... అలా. గట్టిగా పట్టుకో."

దుప్పటి కింద ఏదో కదిలింది. అక్క ఒళ్లు ఒక్కసారి జలదరించింది. కళ్లు మూసుకుంది. పలక మీద ఆవిరి పట్టడం ఆగిపోయింది. గదిలో చలి కూడా, తలుపు తెరిస్తే పొగ పోయినట్టు, మెల్లగా పలచబడి పోయింది. తలగడ మీద పల్లం లేదు. కాసేపటికి అది ఉక్కగా ఉన్న ఒక చిన్న గది, అంతే. దగ్గుమందు వాసన కూడా రావడం లేదు.

"సరిపోయింది," అంది అక్క. ఏడాది తర్వాత ఆవిడ మొహంలో నిమ్మళం కనిపించింది. "పద, మీ ఇంటికి పోదాం. మాటిచ్చానుగా."

లేవడానికి ఆసరా ఇస్తూ ఆవిడ చెయ్యి అందుకున్నాడు. అందుకోగానే వదిలేయబోయి, సిగ్గుపడి, మళ్లీ పట్టుకున్నాడు. బతికున్న మనిషిది అంత చల్లటి చెయ్యి అతను ఎప్పుడూ ముట్టుకోలేదు.

అక్క వచ్చింది. అతని ఇల్లు నిండుకుండలా అయింది. పిల్లలకి జడలు వేసింది, మరదలితో పోటీ పడి వంట చేసింది. అత్తా అత్తా అని పిల్లలు కొంగు వదల్లేదు. బావ కూడా పగటి డ్యూటీకి మారి, ఆదివారాలు వచ్చి భోజనం చేసి వెళ్తున్నాడు. వెనక గదిలో ఇప్పుడు తనే పడుకుంటున్నానని, హాయిగా నిద్రపడుతోందని ఒకసారి చెప్పాడు. అక్కని తెచ్చుకుని మంచి పని చేశానని, ఆ సాయంత్రం చూసిందీ విన్నదీ ముసురు వల్లా దిగులు వల్లా అని లోడెంత తనకి తను నచ్చజెప్పుకున్నాడు. అక్క నవ్వుతోంది. అతనికి అంతకంటే ఏం కావాలి.

ముందు గమనించింది వాళ్లావిడ.

"ఏమండీ, వదిన ఇద్దరి తిండి తింటున్నారు," అంది ఒకనాడు వంటింట్లో, గొంతు తగ్గించి. "నేనేం తిండికి ఏడుస్తున్నానా? తిననీండి. కానీ ఆ తిన్నదంతా ఎటు పోతోందండీ? గాజులు మోచేతి దాకా జారుతున్నాయి."

అతనూ చూడకపోలేదు. అక్క ఎండలో కూర్చుంటుంది. ఎండ జరిగితే తనూ జరుగుతుంది. పొయ్యి వెలిగించి ఉన్నంతసేపూ అక్కణ్ణుంచి కదలదు. రెండు స్వెట్టర్లు, పైన శాలువా. కుడిచెయ్యి శాలువాలోంచి బయటికి తియ్యడం తగ్గించేసింది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే పరీక్షలన్నీ చేసి, ఏమీ లేదు, బలానికి మందు రాస్తాను అన్నాడు. మందు తాగింది. వారం వారం ఇంకాస్త తరిగిపోయింది. ఇంకాస్త సంతోషంగా కూడా ఉంది. లోడెంతకి లోపల ఎక్కడో తెలుసు. తీగకి నోరుండదు, మోయగలిగినంత మోస్తుంది. తెలిసినా ఏం చెయ్యగలడు? ఎక్కడ కోస్తాడు?

ఒక సాయంత్రం పనినుంచి వచ్చేసరికి ఇంట్లో ఎవరూ లేరు. వాళ్లావిడ పిల్లల్ని తీసుకుని బజారుకి వెళ్లింది. అక్క ముందుగదిలో గోడకి జారబడి కూర్చుని ఉంది. దీపం వెయ్యలేదు. బయటి వెలుగు ఇంకా కొంచెం మిగిలి ఉంది, ఆ వెలుగులో అక్క మొహం కాగితంలా ఉంది.

"దీపం వెయ్యకురా," అంది. "ఇలా వచ్చి కూర్చో."

కూర్చున్నాడు. పక్కన కూర్చుంటేనే చలి తెలుస్తోంది.

"నాకేం బాధ లేదు," అంది అక్క. "రోజూ కబుర్లు చెప్తుంది. స్కూటరు అడుగుతుంది. కానీ ఈమధ్య దానికి చాలడం లేదురా. ఎంత ఇచ్చినా, ఇంకా చలే అంటుంది. నేనేమో ఇంతే ఉన్నాను." కాసేపు ఊపిరి తీసుకుంది. "ఒక తీగ చాలనప్పుడు పక్కన ఇంకోటి జత చేస్తారు కదా మీరు. ఇద్దరం పంచుకుంటే, నేను ఇంకొన్నాళ్లు ఉంటానేమో."

అలా జత చెయ్యకూడదని అతను ఎంతమందికి చెప్పి ఉంటాడో. తీగలు జత చేసుకుంటూ పోయినంత కాలం లోడు పెరుగుతూనే పోతుంది, చివరికి రెండూ కాలతాయి. ఆ మాట నాలిక చివర దాకా వచ్చింది. కానీ ఎదురుగా ఉన్నది అక్క. తనకి జ్వరం వస్తే రాత్రంతా ఒళ్లో పడుకోబెట్టుకున్న అక్క. ఆవిడ ఇంకొన్నాళ్లు ఉంటుంది.

"ఇలా ఇవ్వు," అని చెయ్యి చాచాడు. అరచెయ్యి పైకి పెట్టి, చాచాడు.

అక్క కదల్లేదు. ఆవిడ రెండు చేతులూ ఒళ్లో, శాలువా పైన, కనిపిస్తూనే ఉన్నాయి. అతని అరచేతిలోకి మాత్రం చిన్న వేళ్లు వచ్చాయి. ఒకటి, ఇంకొకటి... నెమ్మదిగా సర్దుకున్నాయి. చిటికెనవేలు గోరు కొరికిన వేలు. రోడ్డు దాటుతూ ఎన్నోసార్లు పట్టుకున్న చెయ్యి, అతనికి తెలుసు. కళ్లు నిండిపోయాయి.

"పిట్టా," అన్నాడు.

అక్క చల్లగా ఊపిరి వదిలింది. ఆవిడ బుగ్గల్లోకి కొంచెం రంగు తిరిగొచ్చింది. అంతే చాలనుకున్నాడు. భరించగలననుకున్నాడు.

అప్పుడు, ఆ అయిదు వేళ్ల మీదుగా, ఇంకో చెయ్యి వచ్చి అతన్ని పట్టుకుంది. పెద్దది, గరుకుగా ఉంది. దాని పక్కనుంచి ఇంకొకటి. ఆ తర్వాత మణికట్టు దగ్గర... మోచేతి దగ్గర... ఒకదాని వెనక ఒకటి, తోసుకుంటూ, చోటు చేసుకుంటూ. అన్నీ పిట్ట వేళ్లంత చల్లగా ఉన్నాయి, వాటిలో ఏ ఒక్కటీ అతను ఎరిగిన చెయ్యి కాదు.